హారన్‌పథం: ఒక జీరో టికెట్టు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పొద్దుగాల బుక్కు, పొద్దుమీకి క్లాసు,
బస్సులోన మతికిఁ బట్టు చదువు;
ఒక్కటున్నఁ జాల దొక్కటి లేకున్న,
ఎంత చదివినేమి ఎల్లి మరుపు!

అవతారిక

ఈ ఆటవెలది రాసింది మా అక్క బిడ్డ. ఊరు హసన్‌పర్తి. నర్సింగ్ చదివి హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో డ్యూటీ చేస్తున్నది. జర్మనీ పోవాలని జర్మన్ నేర్చుకుంటున్నది. కావ్యకాలం 2023 డిసెంబరు 9కి ముందు కాదు. దానికి సాక్ష్యం ప్రతిలోనే ఉంది. పద్యం రాసింది మహాలక్ష్మి జీరో టికెట్టు వెనక. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది ఆ తేదీ నుంచే. కాళిదాసు కాలం మీద ఇన్ని వందల ఏళ్లు కొట్టుకున్న పండితులకు ఇట్లాంటి టికెట్టు ఒక్కటి దొరికి ఉంటే ఎంత కాగితం మిగిలేదో!

ప్రతి వర్ణన: టికెట్టు ముందువైపు మిషన్ కొట్టిన అక్షరాలు ఎండకు పాలిపోయి చదవరాకుండా ఉన్నాయి. వెనక బాల్‌పెన్నుతో రాసినవి మాత్రం నిలిచాయి. మొదటి పాదంలో ‘బుక్కు’ దగ్గర కాగితం మడత పడింది. అక్కడి కొమ్ము సగమే కనబడుతుంది, దానిమీద ఏదో మరక కూడా ఉంది. సందర్భాన్ని బట్టి అది కొమ్మేనని నిర్ణయించాను. ముప్పై ఏళ్లు తెలుగు పండిట్‌గా పిల్లల ఆన్సర్ పేపర్లు దిద్దిన కన్ను ఇది. సగం కొమ్ము చూసి మిగతా సగం చెప్పలేదా?

కవయిత్రి బతికే ఉంది గదా, అడగవచ్చు గదా అంటారేమో. అది సంప్రదాయం కాదు. మా పొరుగు మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ కాళిదాసును అడిగాడా? మూలం చాలు. ఆయన కిరాతార్జునీయ వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అని పేరు పెట్టాడు, అంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ పోయే రాజమార్గం. మా హసన్‌పర్తి మీదుగా పోయే కరీంనగర్ రోడ్డులో ఏనుగులు లేవు, ఇసుక లారీలున్నాయి. అందుచేత ఈ వ్యాఖ్యకు ‘హారన్‌పథం’ అని పేరు.

ప్రతిపదార్థం

పొద్దుగాల = తెల్లవారుజామున, అనగా ఇంట్లో మరొకరు లేచి పని చెప్పకముందు; బుక్కు = స్వయంగా చదువుకొనే గ్రంథము (స్వాధ్యాయమని భావము); పొద్దుమీకి = పొద్దు గుంకిన పిమ్మట; క్లాసు = గురుసన్నిధి, ఫీజు చెల్లించి కూర్చుండునది; బస్సులోన = ఆ రెంటి నడుమ ప్రయాణమునందు; మతికిన్ = జ్ఞాపకమునకు; పట్టు = పట్టునట్టి; చదువు = విద్య; ఒక్కటి ఉన్నన్ = పై రెంటిలో ఒకటి ఉన్నప్పటికిని; ఒక్కటి లేకున్న = రెండవది లేనియెడల; చాలదు = సరిపోదు; ఎంత చదివినేమి = ఎంత చదివినను ఏమి ప్రయోజనము; ఎల్లి = రేపటికి; మరుపు = మరుపే.

‘మతికి’ మీద ఒక మాట. మతి అంటే నిఘంటువులో బుద్ధి. మా దిక్కు ‘మతికి వచ్చింది’ అంటే గుర్తుకొచ్చింది అని. బుద్ధి ఉండటమూ గుర్తుండటమూ ఒకటే అనుకున్న జాతి మాది. పరీక్షల్లో ఆ నమ్మకమే మమ్మల్ని ముంచింది. ఇక ‘ఎల్లి’ కోస్తావారికి కొత్తగా తోచవచ్చు గానీ వారి ‘ఎల్లుండి’ కడుపులో ఉన్నది ఇదే.

ఛందోవిచారం

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ పద్యం ప్రాణమంతా మొదటి పాదం చివరి గణంలో ఉంది.

ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ‘పొద్దు’, ‘గాల’, ‘బుక్కు’ మూడూ హగణాలు. ‘పొద్దుమీ’ రగణం. యతి పొ-పొ, నిక్షేపం. మిగిలింది ‘కి క్లాసు’. ‘కి’ లఘువని లెక్కబెడితే అది జగణమవుతుంది. ఇంద్రగణాల్లో జగణం లేదు, పద్యం కుంటుతుంది. ‘కి’ గురువైతే తగణం, పద్యం నడుస్తుంది. మరి లఘువైన ‘కి’ గురువెట్లా అయింది? పక్కన సంయుక్తాక్షరం ఉంది గనుక. అనగా క్లాసు పక్కన నిలబడింది గనుక!

దీనిమీద రెండు పక్షాలు. విద్యాలయ పక్షం వాళ్లు అంటారు: చూశారా, ఎంత లఘువైనా క్లాసు దగ్గరికి పోతే గురువవుతుంది, ఫీజు దండగ కాదు. స్వాధ్యాయ పక్షం వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల చేతిలో లక్షణ గ్రంథం ఉంది: తెలుగులో రెండూ వేరువేరు పదాలైనప్పుడు తర్వాతి పదం మొదటి సంయుక్తాక్షరం ముందున్న లఘువును గురువు చేయనక్కరలేదు. అంటే ‘కి’ క్లాసు గుమ్మం ముందు ఏడాది నిలబడ్డా ‘కి’గానే తిరిగిరావచ్చు. ఇట్లా తిరిగివచ్చిన వాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్లలో నేనొకణ్ణి, ఆ కథ కింద చెబుతాను.

సిద్ధాంతం ఏమంటే, అది చదివే తీరును బట్టి ఉంటుంది. ‘పొద్దుమీకిక్లాసు’ అని ఊపిరి ఆపకుండా చదివితే ‘కి’ ఊనుతుంది, గురువవుతుంది. ‘పొద్దుమీకి’ అని ఆగి, దగ్గి, ఫోను చూసుకొని, తర్వాత ‘క్లాసు’ అంటే లఘువే. ఇంటి చదువుకూ క్లాసుకూ నడుమ సందు ఎంత ఉందన్నదే ప్రశ్న. ఆ సందు పెరిగితే గణం చెడుతుంది.

‘క్లాసు’ అను పదమునకు విశేషార్థం

మా కవయిత్రి మొదటి మూడు వారాలు క్లాసులో చేరలేదు. ఫోనులో పీడీఎఫ్ పెట్టుకొని, తెలుగు అక్షరాల్లో నోట్సు రాసుకొని, తానే నేర్చుకుంది. జర్మన్‌లో తండ్రిని చెప్పే మాట ఇంగ్లీషు ‘వి’ అక్షరంతో మొదలవుతుంది. ‘వాటర్’ అని రాసుకుంది. ‘మైన్ వాటర్’ అంటూ ఇల్లంతా తిరిగింది. క్లాసులో చేరిన మొదటి రోజే సారు ఆపాడు: అది ‘ఫాటర్’ అమ్మా, జర్మన్‌లో ఆ అక్షరం చాలాచోట్ల ‘ఫ’ పలుకుతుంది. మూడు వారాలు మా బావను నీళ్లు చేసిందన్నమాట. మా బావ నోరు మంచిది గనుక ఏమీ అనలేదు.

పుస్తకం తప్పు దిద్దదు. ఏకలవ్యుడి మట్టిబొమ్మ కూడా దిద్దలేదు. అతనిది అడవిలో బాణం గనుక తప్పితే తప్పిందని తనకే కనిపించింది. ఉచ్చారణ తప్పితే పలికినవాడికి వినిపించదు. (ఏకలవ్యుడు బొటనవేలు పోగొట్టుకున్నాడు, ఈ కాలపు ఏకలవ్యుల చదువంతా ఫోను మీద బొటనవేలితోనే. ద్రోణుడు ఈ యుగంలో పుట్టి ఉంటే ఏం అడిగేవాడో!)

అయితే క్లాసే సర్వస్వమా? రెండు గంటల క్లాసులో ముప్పై మంది కూర్చుంటే, సారు నోరు విప్పకుండా కూర్చున్నా మనిషికి వచ్చేది నాలుగు నిమిషాలు. సారు నోరు విప్పకుండా కూర్చోవడం ఏ క్లాసులోనూ జరగలేదు. ఆ నాలుగు నిమిషాల్లో మాటల అర్థాలు నేర్చుకోవడం, పట్టుచీరతో బండలు తుడిచినట్టు. అర్థాలు ఇంట్లో దొరుకుతాయి. నలుగురి ముందు తప్పు మాట్లాడి దిద్దించుకోవడం ఇంట్లో దొరకదు. క్లాసుకు తప్పులు మూటగట్టుకొని పోవాలి. ఖాళీ చేతులతో పోయినవాడు ఖాళీ చేతులతోనే వస్తాడు.

నా సంగతి. 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షల్లో ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష మూడూ వరసగా పాసయ్యాను. క్లాసు తప్పలేదు, క్లాసు బయట ఒక్క హిందీ ముక్క మాట్లాడలేదు. సర్టిఫికెట్టు చేతికొచ్చిన వారమే కాజీపేట జంక్షన్‌లో టీ కావాల్సి వచ్చింది. ‘కృపయా ముఝే ఏక్ ప్యాలీ చాయ్ ప్రదాన్ కీజియే’ అన్నాను. టీ అమ్మే ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసి, ‘ఏ ఊరన్నా మీది?’ అని తెలుగులో అడిగాడు. తప్పు సభది కాదు, టీ ఆయనది అసలే కాదు. స్టేషనుకు పది అడుగుల దూరంలో ఉర్దూ, హిందీ పొద్దంతా మోగుతుంటే చెవులు మూసుకొని పై పరీక్ష ‘విశారద’కు ఫీజు కట్టే ఆలోచనలో ఉన్న నాది.

‘బస్సులోన’

ఈ పదాన్ని తేలికగా తీసుకోరాదు. హసన్‌పర్తిలో బస్సెక్కితే ఎర్రగట్టుగుట్ట, భీమారం, కేయూ క్రాస్‌రోడ్డు, నయీంనగర్, హన్మకొండ. కవయిత్రి ఈ స్టాపులకు జర్మన్ నామవాచకాలను పంచింది. ఆ భాషలో ప్రతి పేరుకూ లింగం ఉంటుంది: డెర్ పుంలింగం, డీ స్త్రీలింగం, డాస్ నపుంసకం. బల్లకూ చెంచాకూ దేనికి ఏది అనేది చాలా మాటల్లో మతికి పెట్టుకోవడమే తప్ప తర్కం పనిచేయదు. అందుచేత గుట్ట దాకా డెర్ మాటలు, భీమారం దాకా డీ, యూనివర్సిటీ దాకా డాస్. గుట్ట మీద వేంకటేశ్వరస్వామి ఉన్నాడు గనుక అటుదిక్కు పుంలింగమని ఆమె గుర్తు. కాకతీయ యూనివర్సిటీ 1976 నుంచి అక్కడ ఉంది, అది నపుంసకమెందుకని నేను అడగలేదు.

ఒకనాడు వచ్చి, ‘మామా, జర్మన్ల ఆడపిల్ల నపుంసకలింగమట, డాస్ మేట్‌ష్యెన్ అంటరట, గిదేం భాష?’ అని కోపం చేసింది. బిడ్డా, మన సంగతి చూసుకో అన్నాను. ‘అబ్బాయి వచ్చాడు’ అంటాం. ‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది’ అంటాం. ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ ఒకటే క్రియ. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తులూ అమహత్తులూ అని ఊరికే పంచలేదు. జర్మన్లు ఒక్క మాట దగ్గర చేసింది మనం వాక్యం వాక్యానికీ చేస్తున్నాం. ఆమె కాసేపు మాట్లాడలేదు.

ఇంకో లాభం కూడా కనిపెట్టింది. జర్మన్‌లో ‘ఎందుకంటే’ అనే అర్థంలో ‘వైల్’ అని మొదలుపెడితే క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన ఆమె స్నేహితురాళ్లు అక్కడ తడబడుతుంటే, ఈమె ఆ ముక్కను తెలుగులో అనుకొని మాటలు మార్చేస్తుంది. క్రియ చివర ఉండటం మనకు కొత్తా? ఇది సారు చెప్పింది కాదు, నయీంనగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు తోచిందట.

‘ఒక్కటున్నఁ జాల దొక్కటి లేకున్న’

పూర్వపక్షం: బమ్మెర పోతన ‘సహజపాండిత్య’ అని భాగవతం గద్యల్లో చెప్పుకున్నాడు. పాలకుర్తి పక్కనే ఉన్న ఆయన ఊరు బమ్మెరలో ఏ కోచింగ్ సెంటరు ఉంది? గురువు లేకుండా అంత పాండిత్యం రాగా లేనిది, జర్మన్‌కు ఏ-1, ఏ-2 మెట్లని ఫీజులెందుకు?

సమాధానం: సహజపాండిత్యం పోతనకు. మనకు సహజమైనది మరుపు. ఇంతకంటే ఈ పక్షానికి జవాబు అక్కరలేదు.

ఉదాహరణ కావాలంటే బ్రౌను దొర ఉన్నాడు. 1817లో మద్రాసులో దిగాడు. కంపెనీ ఉద్యోగం నిలవాలంటే దేశభాష పరీక్ష పాసవ్వాలి. సెయింట్ జార్జి కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. అది క్లాసు. 1820లో కడపకు పోయాడు. అక్కడ ఉద్యోగంలో చెవిన పడ్డది ఒక చదువు, తర్వాత మచిలీపట్నంలో ఉండగా వేమనను పట్టుకొని ప్రతులు పోగేసి తానే కుస్తీపట్టడం ఇంకో చదువు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో నిఘంటువు. కానీ అసలు చూడవలసింది, పుస్తకంతో ఒంటరిగా ఉండిపోలేదు. కడపలో బంగళా నిండా పండితులను జీతమిచ్చి పెట్టుకున్నాడు. వసుచరిత్రకూ మనుచరిత్రకూ జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యలు రాయించి అచ్చువేయించాడు. ఇంట్లోనే క్లాసు పెట్టుకొని, తనకు అర్థంకాని చోటల్లా టీక రాయించుకున్న విద్యార్థి ఆయన. అంత జీతాలు మన కవయిత్రి ఇవ్వలేదు గనుక నా వంటి వాడు ఉచితంగా రాయవలసి వచ్చింది. ఈ రోజుకీ అమెరికా విదేశాంగశాఖ వాళ్ల శిక్షణ సంస్థ తమ దౌత్యవేత్తలకు తెలుగు రావాలంటే 44 వారాలు, 1100 క్లాసు గంటలు పడతాయని లెక్కగట్టింది. ఇంటి చదువు దీనికి అదనం. మనం కడుపులో ఉండగానే విన్న భాషకు ఇంత ఖరీదుందని తెలిసి నాకు కొంచెం గర్వం వచ్చింది.

ఇక మా జిల్లా సంగతే వేరు. నిజాం కాలంలో పై చదువు ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. తెలుగు కావాలంటే బడి బయట వెతుక్కోవాలి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, హన్మకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టింది ఆ వెతుకులాటలోనే. పొద్దంతా బడిలో ఒక భాష, మాపటికి నిలయంలో దీపం ముందు ఇంకో భాష. ఇప్పుడు మా పిల్ల క్లాసునూ బుక్కునూ కలపడానికి అవస్థ పడుతోంది. ఆ తరానికి క్లాసు ఒక భాషకు, బుక్కు మరొక భాషకు. ఆ గాలిలో పెరిగినవాళ్లే తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన కాళోజీ, మా ఊరు దాటి ఎల్కతుర్తి మీదుగా పోతే వచ్చే వంగర పీవీ. పీవీ నాగపూర్‌లో చదివాడు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి, విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చాడు. ప్రధానమంత్రి అయినాడన్నది వేరే విషయం.

‘ఎల్లి మరుపు’

ఇది కవి సమయం కాదు, కొలిచి చూసిన లెక్క. కొలిచినవాడు జర్మనే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలు వందలకొద్దీ బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతుందో తనమీద తానే పరీక్ష చేసుకొని 1885లో పుస్తకం వేశాడు. ఒక్క రోజు గడిచేసరికి పడ్డ శ్రమలో మూడోవంతే మిగిలిందని తేలింది. అదే 1885లో మన బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం అచ్చువేయించారు. ఒకాయన మాటలు పోగుచేస్తున్న ఏడాదే ఇంకొకాయన అవి ఎట్లా జారిపోతాయో లెక్కబెట్టాడు.

జారిపోకుండా పట్టే ఉపాయం 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన జర్మన్‌లోనే రాశాడు. ఒక డబ్బాలో అరలు. మాటలు రాసిన చీటీలు మొదటి అరలో. వచ్చిన మాట తర్వాతి అరకు పోతుంది, దాన్ని మెల్లగా చూస్తే సరి. రాని మాట మళ్లీ మొదటి అరకు. కవయిత్రి దగ్గర ఆ డబ్బా ఉంది. దసరా నాటి మిఠాయి డబ్బా, అట్టముక్కల అరలు, చీటీలన్నీ జీరో టికెట్లు. ఈ పద్యం అందులో ఏ అరలో ఉండిందో తెలియదు. నాకు దొరికింది మాత్రం మా ఇంట్లో మరిచిపోయిన నోట్‌బుక్కులో.

అలంకారం స్వభావోక్తి. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తాత్పర్యం

తెల్లవారుజామున స్వయంగా పుస్తకము చదివి, సాయంకాలమున గురువు ఎదుట దిద్దించుకొని, రెంటి నడుమ ప్రయాణమున నెమరువేయునదే చదువు. ఒకటి లేక ఒకటి చాలదు. లేనిచో రేపటికి మరుపే. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా అడిగే స్థాయి బీ-2. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన ఆరు మెట్లలో అది నాలుగోది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగింటికీ వేరువేరుగా పరీక్ష పెడతారు. మా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు ఈ శిక్షణ ఇప్పిస్తున్నది. ఇట్టి మెట్లెక్కవలసిన ఈ బాలిక ప్రాతఃకాల స్వాధ్యాయమును పద్యమున మొట్టమొదట నిలుపుట ఎంతయు ఉచితముగా నున్నది.

ఉత్తర పీఠిక

వ్యాఖ్య ముగిసిన ఆదివారం కవయిత్రి మా ఇంటికి వచ్చింది. కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. గురువు-లఘువు దగ్గర నవ్వింది. ‘వాటర్’ సంగతి ఎందుకు రాసినవని అలిగింది. తాత్పర్యం అయినాక టికెట్టు అడిగి తీసుకొని వెలుతురుకు పట్టి చూసింది.

‘మామా, గిది బుక్కు కాదు. బుక్క.’

‘బుక్క ఏందే?’

‘పొద్దుగాల బుక్క. ఒక్క బుక్క బువ్వ తిని ఉరుకుత. పొద్దుగాల చదువుడెక్కడిది? బస్సు దొరుకుడే ఎక్కువ. నేను చదివేదంత బస్సులనే గద. కడుపుల బుక్క ఉండాలె, పొద్దుమీకి క్లాసుండాలె, ఒక్కటి లేకున్న ఎల్లిదాంక ఏం ఉండది. అదీ అర్థం.’

‘మరి ఈ కొమ్ము?’

‘కొమ్ము కాదు, చింతకాయ తొక్కు.’

చూశాను. తొక్కే. బుక్క, బుక్కు రెండూ హగణాలే గనుక గణం చెడలేదు. యతి చెడలేదు. చెడింది వ్యాఖ్య ఒక్కటే.

‘రాసేటప్పుడు నన్నడిగితే అయిపోవు గద?’ అన్నది.

మల్లినాథుడు కాళిదాసును అడగలేదని గుర్తుచేశాను.

‘కాళిదాసు చచ్చిపోయిండు మామా. నేను పక్క గల్లీలనే ఉన్న.’

పాఠాంతరం: ‘బుక్క’. ఇది కవయిత్రికి సమ్మతం. వ్యాఖ్యాతకు ఇంకా సమ్మతం కాలేదు. టికెట్టును ఎప్పటి మడతలోనే మడిచి శబ్దరత్నాకరంలో పెట్టాను.